మా ఊరికి పేపరు వచ్చిన దారి

నేను ఐదో తరగతి చదివే రోజుల్లో మా ఇంటికి పేపరు సాయంత్రం నాలుగు గంటలకు వచ్చేది. విజయవాడలో అచ్చయిన పత్రిక రాత్రి రైలెక్కి, మర్నాడు చీపురుపల్లి స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు మీద రాజాం చేరి, అక్కడి ఏజెంటు కట్ట విప్పి లెక్కపెట్టి సైకిలు కుర్రాడికి అప్పగించి, ఆ కుర్రాడు నాలుగు ఊళ్లు తిరిగి మా వీధిలోకి వచ్చేసరికి మా బడి వదిలే వేళయ్యేది. ఎలిమెంటరీ బడిలో పనిచేసే మా నాన్న కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుని, నిన్నటి వార్తలను ఇవాళ్టివిగానే చదివేవారు. పక్కింటి నాయుడు మామ వచ్చి "ఏటి మాస్టారూ, ఏటి రాసినాడు ఇయాల?" అని అడిగితే, తల ఎత్తకుండానే ఢిల్లీ సంగతో, హైదరాబాదు సంగతో చెప్పేవారు. మా జిల్లా సంగతి చెప్పిన గుర్తు నాకు లేదు. 1960ల చివర్లో గిరిజన రైతాంగ పోరాటం నడిచిన రెండు మూడేళ్లు మినహాయిస్తే, శ్రీకాకుళం అనే పేరు దినపత్రికల మొదటి పేజీకి ఎక్కిన సందర్భాలు తుపాన్లు, వరదలు మాత్రమే.

ఆ స్థితిని మార్చిన పత్రిక ఈనాడు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నం సీతమ్మధారలో అది పుట్టినప్పుడు మొదటిరోజు అచ్చయిన ప్రతులు 5 వేలకు మించలేదు. అప్పటికి తెలుగు దినపత్రికల కేంద్రం విజయవాడ. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, విశాలాంధ్ర అక్కడి నుంచే వెలువడేవి. కృష్ణా జిల్లా పెదపారుపూడికి చెందిన రామోజీరావు, 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్‌ను, 1969లో రైతుల కోసం అన్నదాత మాసపత్రికను నడపడం మొదలుపెట్టిన వ్యాపారి, తన దినపత్రికకు విజయవాడను కాక విశాఖను ఎంచుకోవడంలో సాహసం కన్నా లెక్క ఎక్కువ ఉందని నేననుకుంటాను. మిగిలిన పత్రికలు మధ్యాహ్నానికి గానీ చేరని ఉత్తరాంధ్ర జిల్లాల్లో తెల్లవారకముందే గుమ్మం ముందు పడే పత్రికకు పోటీ ఉండదు. ఎ.బి.కె. ప్రసాద్ వంటి అనుభవజ్ఞుడు మొదటి సంపాదకుడిగా ఉండడం వార్తలకు బలమిచ్చింది. అయినా మా వైపు మొదట గెలిచింది వార్త కాదు, వేళ. సాయంత్రం నాలుగు గంటల పేపరు పొద్దున్న ఏడింటికి వచ్చిన రోజున మా నాన్న స్నానం మాని చదువుతూ కూర్చుంటే మా అమ్మ చేసిన గొడవ నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

పేరులోనూ ఒక చమత్కారం ఉంది. అంతకుముందు పెద్ద పత్రికల పేర్లలో ఏదో ఒక రూపంలో 'ఆంధ్ర' శబ్దం ఉండేది. ఈ పత్రిక దాన్ని వదిలి 'నాడు' అనే మాట పట్టుకుంది. నాడు అంటే దినమూ, నాడు అంటే ప్రాంతమూ. రోజునూ సీమనూ ఒకే మాటలో పెట్టిన ఆ పేరు గురించి మా నాన్న పిల్లలకు వ్యాకరణ పాఠంలో చెప్పేవారు. ఆ పేరులోని రెండో అర్థమే తరవాత ఆ పత్రికకు బలమూ చిక్కూ అయింది కాబట్టి దీన్ని ఇక్కడ ప్రస్తావించాను.

1975 డిసెంబరులో హైదరాబాదు నుంచి, 1978లో విజయవాడ నుంచి ముద్రణ మొదలైంది. ఆ తరవాతి చరిత్ర రాజకీయంతో పెనవేసుకున్నది, అందరికీ తెలిసినది. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించిన నాటి నుంచి తొమ్మిది నెలల తరవాత జరిగిన ఎన్నికల దాకా ఆయన పర్యటనలకు ఈనాడు ఇచ్చినంత చోటు మరే పత్రికా ఇవ్వలేదు. ఒక పార్టీ గెలుపులో ఒక పత్రిక పాత్ర ఎంత అన్న చర్చ తెలుగునాట అప్పుడే మొదలై, ఇప్పటికీ ముగియలేదు. ఆయన ప్రచార వాహనం చైతన్యరథం మా వైపు వచ్చినప్పుడు రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డ జనంలో పేపరు చదవడం వచ్చినవాళ్లు పదిమందిలో ఇద్దరు కూడా ఉండరు కనుక, పత్రిక వల్లే పార్టీ గెలిచిందనే మాటను నేను పూర్తిగా నమ్మను. కానీ చదివిన ఆ ఇద్దరు మిగిలిన ఎనిమిదిమందికి అరుగుల మీద ఏం చెప్పారన్నది లెక్కలోకి తీసుకోవాలి. మా అరుగు మీద ఆ ఇద్దరిలో ఒకరు మా నాన్నే.

ఆ కాలపు వివాదాల్లో నాకు ఎంతో ఇష్టమైనది, చట్టం చదువుకునేవాళ్లు ఈనాటికీ తలచుకునేది, శాసనమండలితో జరిగిన తగవు. 1983 మార్చిలో మండలిలో జరిగిన గొడవను 'పెద్దల సభలో గలభా' అనే శీర్షికతో ఈనాడు ప్రచురించింది. గలభా అన్న మాట తమ సభా గౌరవానికి భంగకరమని సభ్యులు ఆగ్రహించారు. సభా హక్కుల సంఘం రామోజీరావును తప్పుపట్టింది, సభలో నిలబెట్టి మందలించాలని నిర్ణయం జరిగింది. ఆయన వెళ్లడానికి నిరాకరించి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1984 మార్చిలో ఆయన అరెస్టును కోర్టు ఆపింది. సభ ఆదేశాన్ని అమలు చేయాల్సిన పోలీసులు, ఆ పత్రిక ఎవరి గెలుపును భుజాన మోసిందని చెప్పుకునేవారో ఆ రామారావు ప్రభుత్వపు పోలీసులు. సభ మాట వినాలా, కోర్టు మాట వినాలా అన్న ఇరకాటంలో ఆ ప్రభుత్వమే పడింది. 1985లో మండలి రద్దయింది. కాంగ్రెసుకు అక్కడున్న బలం ప్రభుత్వానికి అడ్డుగా ఉండడమే దానికి అసలు కారణం. ఇంత జరిగాక మా నాన్న అన్న మాట మాత్రం వేరు: "గలభా అంటే తప్పేమిటి? మన సంతలో రోజూ అయ్యేదే కదా!" మా వైపు అది తిట్టు కాదు, చిన్నపిల్లలు చేసినా గలభాయే.

ఇక్కడ భాష గురించి ఒక్క మాట చెప్పాలి. పత్రికలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో. 1919లో ఆయనే 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావు తన 'జనవాణి'లోనూ, నార్ల వెంకటేశ్వరరావు ఆంధ్రప్రభలోనూ తరవాత ఆంధ్రజ్యోతిలోనూ వాడుక భాషను అలవాటు చేశారు. ఈనాడు ఆ దారిని ఇంకా చదును చేసి, ఏడో తరగతి చదివినవాడికి కూడా ఆగకుండా సాగే వాక్యాన్ని తయారుచేసింది. ఇంగ్లీషు పదానికి తెలుగు మాట కూర్చడంలో ఆ పత్రిక చూపిన శ్రద్ధను ఒప్పుకోవాలి. ప్రాస కోసం శీర్షికను మెలితిప్పే అలవాటు మాత్రం కొన్నాళ్లకు నాకు విసుగు పుట్టించింది. అయితే ఆ వాడుక భాష ఎవరి వాడుక అన్న ప్రశ్న మా వైపువాళ్లకు మిగిలిపోయింది. గిడుగు పుట్టిన జిల్లా మాట దినపత్రికల్లో కనిపించేది హాస్యపు శీర్షికల్లోనో, బాధితుల గోడులోనో మాత్రమే.

ఈ సంగతి నేను అనుభవం మీద చెబుతున్నాను. బి.ఇడి. చేసి ఉద్యోగం కోసం చూస్తున్న కాలంలో రెండేళ్లపాటు నేను ఒక దినపత్రికకు మా మండలం కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. అది ఏ పత్రికన్నది ఈ కథకు అవసరం లేదు. మిగిలిన పత్రికలవాళ్లు చెప్పిన అనుభవాలూ నా అనుభవమూ ఇంచుమించు ఒకటే. 1989లో ఈనాడు ప్రతి జిల్లాకూ విడిగా చిన్న సైజు అనుబంధాన్ని ఇవ్వడం మొదలుపెట్టింది. జనం దాన్ని 'మినీ' అన్నారు, కొందరు 'జిల్లా పేపరు' అన్నారు. తక్కిన పత్రికలు ఆ దారి పట్టక తప్పలేదు. రోజూ అన్ని పేజీలు నింపాలంటే మండలానికొక మనిషి కావాలి, అంతమందికి జీతం ఇవ్వడం ఏ యాజమాన్యానికీ ఇష్టం ఉండదు కనుక, అచ్చయిన వార్తకు లైన్ల లెక్కన డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. నెలాఖరున మా వార్తలను కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, స్కేలుతో కొలిచి పంపేవాళ్లం. వచ్చిన సొమ్ము బస్సు చార్జీలకు సరిపోయిన నెల మంచి నెల.

వార్త పంపడమే ఒక పని. రాసిన కాగితాలను కవరులో పెట్టి, పైన పత్రిక పేరు రాసి, రాజాం బస్టాండులో విజయనగరం వైపో శ్రీకాకుళం వైపో వెళ్లే ఆర్టీసీ బస్సులో డ్రైవరుకు ఇచ్చేవాళ్లం. సాయంత్రం ఐదు దాటితే కవరు అందదు, అందకపోతే మా మండలంలో ఆ రోజు ఏమీ జరగనట్టే లెక్క. రాత్రి పొలాల్లో పాము కరిచి మనిషి పోతే ఆ వార్త ఎల్లుండి పేపరులో వచ్చేది. తరవాత ఫ్యాక్సు వచ్చింది, మరికొన్నేళ్లకు శ్రీకాకుళంలోనే ముద్రణ కేంద్రమూ వచ్చింది.

ఆ జిల్లా పేజీ చేసిన మేలు నేను తక్కువ చేసి చెప్పను. బోరు పాడైన వీధి, డాక్టరు రాని ఆసుపత్రి, గట్టు తెగిన చెరువు పేరుతో సహా అచ్చులో కనిపించడం మా ఊళ్లవాళ్లకు కొత్త. తహసీల్దారు పొద్దున్నే ఆ పేజీ తెరిచి తన మండలం పేరు వెతుక్కునేవారు. పిల్లలకు పదో తరగతిలో మార్కులు వస్తే ఫొటో వేయించమని తండ్రులు మా ఇంటికి వచ్చేవారు. అంతవరకు పత్రిక అంటే పై నుంచి కిందికి వచ్చేది, ఇప్పుడు కింద నుంచి పైకి కూడా ఏదో వెళ్తోందన్న నమ్మకం వాళ్లకు కలిగింది.

దాని మరోవైపును కూడా నేనే చూశాను. ఒక కరవు ఏడాది నేను రైతు మాటను "పంటంతా పోనాది బాబూ, ఏటి సేత్తాం" అని యథాతథంగా రాసి పంపితే, మర్నాడు అదే రైతు "పంట పూర్తిగా దెబ్బతింది, ప్రభుత్వం ఆదుకోవాలని కోరుతున్నాను" అని అచ్చు తెలుగులో మాట్లాడాడు. డెస్కులో కూర్చున్నవారికి అది దిద్దుబాటు. ఆ రైతు నన్ను పట్టుకుని "నానెప్పుడు కోరినాను?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అంతకంటే పెద్ద చిక్కు ప్రకటనలది. ఆగస్టు 15 వస్తోందంటే ప్రతి మండలానికీ ఇంత మొత్తం ప్రకటనలు తేవాలని పైనుంచి మాట వచ్చేది. నేను ఎవరి రేషన్ షాపు తూకం మీద వార్త రాయాలో ఆయనే, నేను ఎవరి దగ్గరికి శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలో ఆయనే. ఒకసారి రాసిన వార్త రాలేదు, అడిగితే చోటు చాలలేదన్నారు. వారం తరవాత ఆయన ఫొటోతో ప్రకటన వచ్చింది, దానికి చోటు చాలింది. నేను మానేసిన కారణం ఇదొక్కటే అని గొప్పలు చెప్పుకోను, ఆ ఏడాదే డి.ఎస్‌సి.లో ఉద్యోగం వచ్చింది.

పత్రిక ఉద్యమం నడిపితే ఏం జరుగుతుందో తెలియాలంటే సారా వ్యతిరేక పోరాటం వైపు చూడాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల నుంచి లేచి వచ్చి సారా దుకాణం మూయించిన కథను 1992లో ఈనాడు రాష్ట్రమంతటికీ చేర్చింది. ఊరూరి వార్తకు రోజూ ప్రత్యేకంగా చోటు ఇచ్చింది. జిల్లా పేజీల వల్లే అది సాధ్యమైంది. మా వైపు వార్త నెల్లూరులో, నెల్లూరు వార్త మా వైపు చదివారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. తిరిగి అధికారానికి వచ్చిన రామారావు 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. ఆ ఎత్తివేత మీద పత్రికలో 1992 నాటి వేడి కనిపించలేదని అప్పట్లో మా ఊరి ఆడవాళ్లు నన్ను నిలదీశారు. నేను అప్పటికి బడిపంతులును, అయినా వాళ్ల దృష్టిలో పేపరోణ్ణే.

ఈ రెండు ఘట్టాల మధ్య 1995 ఆగస్టు ఉంది. పార్టీ శాసనసభ్యులు రామారావును వదిలి చంద్రబాబు వైపు చేరిన ఆ రోజుల్లో ఈనాడు ఎటు నిలబడిందో చదివినవారందరికీ తెలుసు. పన్నెండేళ్ల కిందట తాను ఆకాశానికెత్తిన మనిషిని పత్రిక ఆ విధంగా వదిలేయగలదని మా నాన్న ఊహించలేదు. ఆ నెలలో ఆయన పేపరు మానేస్తానన్నారు, పదిహేను రోజులు మానేశారు కూడా, తరవాత జిల్లా పేజీ లేక ఉండలేక మళ్లీ వేయించుకున్నారు. మొదటి పేజీతో తగవు పడ్డవాణ్ణి లోపలి పేజీ పట్టి ఉంచడం మా ఒక్క ఇంటి కథే అయి ఉండదు.

2004 తరవాతి వివాదాలను త్వరగా చెప్పి ముగిస్తాను, అవి ఇంకా వేడిగానే ఉన్నాయి. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఈనాడునూ, 2002లో పునఃప్రారంభమైన ఆంధ్రజ్యోతినీ పేర్లతో పిలవకుండా 'ఆ రెండు పత్రికలు' అని సభల్లో అనేవారు, ఆ మాట వాడుకలో స్థిరపడిపోయింది. 2006లో అప్పటి రాజమండ్రి ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్, రామోజీరావు సంస్థ అయిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్లు రిజర్వుబ్యాంకు చట్టానికి విరుద్ధమని ఫిర్యాదు చేశారు. అందరికీ తిరిగి చెల్లించామని సంస్థ వాదించింది. 2018 చివరలో హైకోర్టు ఆ కేసును కొట్టివేయగా, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. పత్రికపై కోపంతో వ్యాపారాన్ని పట్టుకున్నారని ఒక పక్షం, పత్రికను అడ్డుపెట్టుకుని వ్యాపారాన్ని కాపాడుకుంటున్నారని మరో పక్షం అన్నాయి. ప్రభుత్వాల తీరు కూడా గమనించదగ్గది. అసత్య వార్తలపై అధికారులు కేసులు వేయవచ్చంటూ 2007లో తెచ్చి, నిరసనల తరవాత పక్కన పెట్టిన ఉత్తర్వు, 2019లో జగన్మోహనరెడ్డి ప్రభుత్వం హయాంలో కొత్త నంబరుతో తిరిగి వచ్చింది.

2008 మార్చి 24న సాక్షి ఒకేసారి 23 కేంద్రాల నుంచి వెలువడినప్పుడు నేను సంతోషించినవాళ్లలో ఒకణ్ణి. ఒకే గొంతు వినే చోట రెండో గొంతు అవసరమే. అయితే ఆ పత్రిక ఒక రాజకీయ కుటుంబానిది, అంటే వై.ఎస్. కుటుంబానిది, కావడంతో, దాని పెట్టుబడులు సీబీఐ కేసుల్లోకి వెళ్లడంతో, మాకు దొరికింది రెండో గొంతే గానీ మూడోది కాదు. మా బడిలో రెండు పత్రికలూ వచ్చేవి. ఒకే బహిరంగ సభ ఒకదానిలో జనసంద్రం, మరోదానిలో ఖాళీ కుర్చీలు. అసెంబ్లీలో ఒకే సభ్యుడు ఒకదానిలో నిలదీశాడు, మరోదానిలో రభస చేశాడు. తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ క్రియాపదాలను జాబితా రాయించి, ఏ పదం ఎవరికి వాడతారో పట్టుకోమనేవాణ్ణి, అంత చురుగ్గా వాళ్లు మరే వ్యాకరణమూ నేర్చుకోలేదు. 2022లో గ్రామ వలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, అది సాక్షి కోసమేనంటూ ఈనాడు యాజమాన్య సంస్థ ఉషోదయ పబ్లికేషన్స్ కోర్టుకెక్కింది. ఆ కేసును 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టుకు పంపింది. రామోజీరావు 2024 జూన్ 8న కన్నుమూశారు, మరో రెండు నెలలకు పత్రికకు యాభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా వచ్చిన పొగడ్తల్లోనూ తెగడ్తల్లోనూ ఈ పార్టీల కథే ఉంది గానీ, మా జిల్లా పేజీ ఊసు నాకు ఎక్కడా కనబడలేదు.

నా ఫిర్యాదు అక్కడిది. జిల్లా పేజీ మాకు మా ఊరిని చూపించింది, అదే సమయంలో పక్క జిల్లాను మా కళ్ల ముందు నుంచి తీసేసింది. మినీ రాకముందు చోటు తక్కువైనా ఒకే పత్రికలో విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వార్తలు కలిసి ఉండేవి. వచ్చిన తరవాత విజయనగరం జిల్లా నెల్లిమర్లలో జనపనార మిల్లు కార్మికుల గొడవ రాజాంలో తెలియకుండా పోయింది. ఆ మిల్లుకు వెళ్లే గోగునార పండించేది మా పొలాల్లోనే. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి గురించి విజయనగరంలోని మా బావగారికి చెప్పింది టీవీయే తప్ప ఆయన ఇంటికి వచ్చే జిల్లా పేజీ కాదు. దూబగుంట వంటిది మొదటి పేజీ పూనుకుంటే తప్ప జిల్లా గోడ దాటదు.

ఈ గోడ ఎంత గట్టిదో నాకు 2022 ఏప్రిల్ 4న పూర్తిగా అర్థమైంది. ఆ రోజు కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మా రాజాం ప్రాంతం విజయనగరంలో కలిసింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. కొద్ది రోజుల్లోనే మా గుమ్మం ముందు పడే జిల్లా పేజీ మారిపోయింది. ముప్పైమూడేళ్లు నేను చదివిన ఊర్ల పేర్లు, నాకు తెలిసిన బడులు, నా శిష్యులు పనిచేసే ఆఫీసులు, నేను మొదట నెల చివర స్కేలుతో కొలిచిన ఆ పేజీ, అన్నీ నాగావళి అవతలికి వెళ్లిపోయాయి. శ్రీకాకుళంలో నా పాత సహోద్యోగి ఒకాయన పోతే, దశదినకర్మ అయ్యాక తెలిసింది.

నాగావళికి వరద వస్తే ఈ పద్ధతి ఎంత విడ్డూరంగా ఉంటుందో చూడండి. తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తిన వార్త మన్యం పేజీలో ఉంటుంది. వంగర మండలం సంగం దగ్గర నీరు పెరిగిన వార్త మా విజయనగరం పేజీలో వస్తుంది. ఆ నీరే సాయంత్రానికి శ్రీకాకుళం పట్నం వంతెన కింద ఎంత ఎత్తున పారిందో శ్రీకాకుళం పేజీలో వేస్తారు. పై నుంచి ఎంత నీరు వదిలారో తెలియాల్సినవాళ్లు కిందివాళ్లు, వాళ్ల ఇంటికి ఆ పేజీ రాదు. అందుకని వర్షాకాలంలో పొద్దున్నే లేచి, ఫోనులో మూడు జిల్లాల పేజీలూ వరసగా తెరిచి, అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, బూర్జలో ఉండే మా చెల్లెలికి ఫోను చేసి చదివి వినిపిస్తున్నాను. ఆమె ఇంటికి వచ్చేది శ్రీకాకుళం పేపరు.